సునంద ఇచ్చే లైట్ల బరువు

మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే ఇల్లందు బాయి దగ్గర సునంద ల్యాంప్ రూమ్ కిటికీ తెరిచేది. బొగ్గుబాయిలోకి దిగే ఒక్కొక్కరికీ టోపీ లైటు అందించేది. ఏదైనా మాట దిగమింగుకుని ఇచ్చిన రోజు ఆ లైట్లు బండరాళ్లంత బరువుండేవి. అది అందరికీ తెలిసిందే.

"మెడ లేస్తలేదు బిడ్డా. పైకప్పు పగిలిందో లేదో ఎట్ల చూసుకోవాలె?" అన్నాడు పిచ్చయ్య. ఆయన రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలలుంది.

ఫిర్యాదు సంక్షేమ అధికారి వెంకటరామారావు దాకా పోయింది. "మనం మారితే పని వాతావరణమే మారుతుందమ్మా. కాస్త నవ్వుతూ ఇవ్వు," అన్నాడాయన.

వారం రోజులు దవడలు నొప్పెట్టేలా నవ్వింది. లైట్లు ఇంకా బరువెక్కాయి. ఆడవాళ్లు నవ్వితే బాగుపడేదుంటే ఈ దేశంలో పాడైన ఆఫీసు ఒక్కటీ మిగిలేది కాదు.

అప్పుడే చాంది అనే పిల్ల తన తండ్రి ఉద్యోగంలో ల్యాంప్ రూమ్‌కి కొత్తగా వచ్చి చేరింది. "బాత్రూమ్ ఏడుందక్కా?" అని అడిగింది.

"ఆడోళ్లకు లేదు. పదేండ్ల సంది డ్యూటీల నీళ్లు తాగకుంటనే చేస్తున్న. నువ్వు గూడ గట్లనే అలవాటు చేసుకో." సునంద గొంతులో గర్వం ధ్వనించింది.

పదోరోజు చాంది జ్వరంతో కిటికీ కిందే కూలిపోయింది. కళ్లు తెరిచి, "నువ్వు చెప్పినట్టే చేసినక్కా," అంది.

ఆ రాత్రి సునందకు అన్నం సయించలేదు. ఇన్నాళ్లూ ఓర్పనుకున్నదాన్ని ఆ పిల్ల నెత్తిన పెట్టింది తనే.

చాంది కోలుకుని వచ్చిన రోజు సునంద కిటికీ మూసేసి, ఆమె చెయ్యి పట్టుకుని అధికారి గదికి నడిచింది.

"మారిన సార్. ఇద్దరం నీళ్లు తాగొచ్చినం. మీ బాత్రూమ్ తాళం ఇయ్యుండ్రి."

"అది ఆఫీసర్లదమ్మా..."

"బయట షిఫ్టంత నిలబడ్డది. లైట్లెందుకు ఆగినయో చెప్పమంటరా?"

తాళం చేతికొచ్చింది. కిటికీ ముందు వరుసలో సంగతి విన్న పిచ్చయ్య, "ఇన్నేండ్లు మాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు.

"నువ్వెందుకు అడగలే పెద్దయ్యా?"

ఆయన తల దించుకున్నాడు. కానీ ఆమె ఇచ్చిన లైటు పెట్టుకోగానే ఆ తల దానంతటదే పైకి లేచింది. ఆ రోజు లైట్లు దూదిలా ఉన్నాయి, టోపీలు ఎగిరిపోకుండా పట్టుకోవాల్సి వచ్చింది.

రెండు గంటల తర్వాత, లోపల, పైకప్పులో వెంట్రుకంత చీలిక పిచ్చయ్య కంటపడింది. కేక వేసి అందర్నీ బయటికి తోశాడు. ఆఖరివాడు అడుగు తీయగానే కప్పు కూలింది.

తన నవ్వు సలహా ఫలించిందని వెంకటరామారావు రిపోర్టు రాసుకున్నాడు.

పిచ్చయ్య పైకొచ్చి కిటికీలో లైటు పెట్టాడు. "ఇంకేమన్న మింగుతున్నరా? ఇప్పుడే చెప్పుండ్రి," అన్నాడు.

చాంది సునంద వైపు చూసింది. తర్వాత ఒక్కో వేలూ మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది.