జార్మిలా కొట్టంలో ఎర్ర జావా

మా అమ్మాయి బ్లాంకా గోళ్ళ కింద నలుపు చూడగానే దాని ఉద్యోగం పోయిందనుకున్నాను. యీహ్లావాలో కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే పిల్లకి ఆ చేతులేమిటి? పెట్రోలు బంకులో చేరి, నాకు చెప్పడానికి మొహం చెల్లడం లేదేమో. ఆ తరువాత జబ్బేమో అనిపించింది. గోళ్ళు నల్లబడే జబ్బొకటి ఉందని ఎక్కడో చదివాను.

"తోటపని చేశానమ్మా," అంది.

దానికి తోట లేదు. మూడో అంతస్తులో ఒక గది, కిటికీలో ఒక పూలకుండీ. అంతే.

నాకు ఎవరూ ఏదీ చెప్పరు. చెబితే భయపడతానని. భయపడతాను, కాదనను. మా ఆయన ఓల్డ్రిఖ్ గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తూ, చేపలు పట్టడానికి వెళ్ళానని చెప్పేవాడు. చేపలేవీ అంటే ఈ రోజు పడలేదనేవాడు. ఆయన పోయాక ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే వినబడుతోంది. శనివారాలు బ్లాంకా వస్తుంది. సూపు తాగుతుంది, "అంతా బాగానే ఉందమ్మా" అంటుంది, వెళ్ళిపోతుంది. ఆ మాట వింటే నాకు ఇంకా అనుమానం. ఏదో ఒక నిజం చెప్పమ్మా, మంచిదో చెడ్డదో, అని నోటిదాకా వచ్చేది. అడిగితే ఆ శనివారం కూడా రాదేమోనని ఊరుకునేదాన్ని.

మార్చి నెలలో ఒక శనివారం పప్పు సూపు రెండుసార్లు వేడిచేశాను. మూడోసారి పొయ్యి వెలిగించబోతూ కిటికీలోంచి చూస్తే, దాని కారు రోడ్డుకి అవతల, ఎదురింటి జార్మిలా కొట్టం ముందు ఆగి ఉంది. జార్మిలాకి ఏదో అయ్యుంటుంది, పడిపోయి ఉంటుంది, అందుకే పిల్ల అక్కడ ఆగింది అనుకుని శాలువా కప్పుకుని పరుగెత్తాను.

కొట్టం దగ్గరికి వచ్చేసరికి లోపల ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. బ్లాంకా నా ఇంట్లో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయాను, రాలేదు. తలుపు తోశాను.

నవ్వు ఆగిపోయింది.

మధ్యలో ఎర్రటి జావా మోటారుసైకిలు. దానికి కుడిపక్కన మనిషి కూర్చునే తొట్టి, సైడ్‌కార్. ఓల్డ్రిఖ్ బండి. బ్లాంకా పుట్టిన ఏడాది దాన్ని అమ్మెయ్యమని ఆయన ప్రాణం తీశాను. అమ్మేశానన్నాడు. నమ్మాను.

"వచ్చిందమ్మా పోలీసు," అంది జార్మిలా, చేతిలో గుడ్డ పైకెత్తి. "సంకెళ్ళు తెచ్చావా వ్లాస్తా? ముందు దీనికెయ్యి, నాకు కీళ్ళ నొప్పులు."

"ఇది ఇక్కడెప్పట్నుంచి ఉంది?"

"అమ్మేసిన రోజునుంచీ. ఇన్నేళ్ళూ నా కోళ్ళు దీని మీదే పడుకున్నాయి. రెట్టలు గీకలేక చచ్చాం."

బ్లాంకా నా కళ్ళలోకి చూడలేదు. స్పానరు కింద పెట్టి, మళ్ళీ తీసుకుంది.

"నాన్న నాకిచ్చాడమ్మా. ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నీకు చెప్పద్దన్నాడు."

ఆయనా, కూతురూ, ఎదురింటామె. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. భయం వేస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు, గుమ్మం దగ్గర నిలబడి వేళ్ళు నలుపుకుంటాను. ఇది భయం కాదు. ఏం చెయ్యాలో తెలియక బండి దగ్గరికి వెళ్ళి ట్యాంకు మీద చెయ్యి వేశాను. చల్లగా, నున్నగా ఉంది.

"ఇది ఇంత నున్నగా ఉండేది కాదు," అన్నాను.

అంతే, పిల్లకి మాట వచ్చింది. ట్యాంకు లోపల తుప్పు పోవడానికి గులకరాళ్ళు పోసి, చేతులు పడిపోయేదాకా ఊపిందట. ఇంజను విప్పి తన గదికి మోసుకుపోయి, అన్నం తినే బల్ల మీద పెట్టుకుని, చలికాలమంతా నిలబడే తిన్నదట. పిస్టన్ రింగులు బ్ర్నోలో ఒక ముసలాయన దగ్గర దొరికాయట. చెబుతూ చెబుతూ తలెత్తి నన్ను చూసి, టక్కున ఆపేసింది. నేను నోరు తెరుస్తానని అనుకుంది కాబోలు.

"నడుస్తుందా?" అని మాత్రం అడిగాను.

"నడవడమా! నిన్న దీని చప్పుడుకి నా కోళ్ళు ఆపిల్ చెట్టు ఎక్కాయి, ఇంకా దిగలేదు," అంది జార్మిలా. "తొట్టి ఒక్కటే బాధ. ఖాళీగా ఉంటే కుడివైపు మలుపులో గాల్లోకి లేస్తుందట. అందుకని బంగాళాదుంపల బస్తా వేస్తున్నాం."

"పిన్నీ!" అని గట్టిగా అరిచింది బ్లాంకా.

"ఏం, అనకూడదా? నాకేం తెలుసు, మీ ఇంట్లో ఏది అనచ్చో ఏది అనకూడదో!"

కాలవలో తిరగబడిన బండి, దాని కింద నా పిల్ల, చుట్టూ బంగాళాదుంపలు. అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. అయినా నా నోటినుంచి వచ్చింది వేరే మాట.

"బస్తాకి వంగడం రాదు. నేను కూర్చుంటాను."

"నువ్వా? బస్సులో కూర్చున్నా కడ్డీ వదలవు కదే!" అంది జార్మిలా.

"పెళ్ళైన కొత్తలో ఈ తొట్టిలో ఎవరు కూర్చునేవాళ్ళనుకున్నావు?" అన్నాను పిల్లవైపు తిరిగి. "కుడివైపు మలుపు వస్తే మనిషి బయటికి వంగాలి. మీ నాన్న మోచేత్తో పొడిచేవాడు, వంగు వంగు అని."

బ్లాంకా నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తరువాత నా ఎముకల గూడు చూసి, నాకు తోడు ఒక చిన్న బస్తా కాళ్ళ దగ్గర పెట్టింది.

గేరు మార్చే కడ్డీనే పైకి తిప్పి దాంతోనే బండి స్టార్ట్ చేసింది, వాళ్ళ నాన్నలాగే. నీలం పొగ కొట్టం నిండా కమ్మేసింది. ఊరి ప్రార్థనా మందిరం దాటి, చేపల చెరువు గట్టు మీదుగా పోయాం. పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ప్రతి ఎదురు బండీ మమ్మల్ని గుద్దడానికే వస్తోందనిపించింది. గట్టు చివర కుడివైపు మలుపు. నడుం నొప్పి మరిచిపోయి బయటికి వంగాను. రోడ్డు నా చెంప కిందనుంచే పరుగెత్తింది. చక్రం నేలను వదల్లేదు. పిల్ల ఒక్కసారి తల తిప్పి చూసింది, అంతే.

ఇంటికొచ్చి సూపు మూడోసారి వేడిచేశాను. రెండు గిన్నెలు తాగింది. పాత బండ్లవాళ్ళందరూ మే నెలలో టెల్చ్‌లో కలుస్తారని, తానూ వెళుతున్నానని చెప్పింది. చెంచా కింద పెట్టి ఎదురు చూశాను.

"డేరాలో పడుకోవాలమ్మా. నీ నడుం పట్టేస్తుంది. బస్తా వేసుకుపోతాలే."

"అవును, నడుం," అన్నాను.

ఆ తరువాతి శనివారాలు కొట్టంలోనే గడిచాయి. అప్పుడప్పుడు గసగసాల రొట్టెలు పట్టుకెళ్ళేదాన్ని. వాళ్ళు నవ్వుతూనే ఉండేవాళ్ళు, నన్ను చూసి ఆపడం మానేశారు. నేనే ఎక్కువసేపు ఉండేదాన్ని కాదు.

బయలుదేరే రోజు పొద్దున బండి మా గేటు ముందు ఆపింది. బస్తాకి వేసిన ముడి లాగి చూశాను, మళ్ళీ చూశాను. హెల్మెట్ బెల్టు లాగి చూశాను. ఇంకేమీ మిగల్లేదు.

"అంతా సరిగ్గానే ఉందా?" అన్నాను.

"అంతా..." అని ఆగింది. చేతి తొడుగు విప్పి మళ్ళీ వేసుకుంది. "లేదమ్మా. ముందు చక్రం బ్రేకు ఇంకా గట్టిగా పట్టడం లేదు. కొత్త లైనింగు, కొంత అరిగితేగానీ కుదురుకోదు. అడవి దాటాక పెద్ద దిగుడుంది చూడు, అక్కడ నాకూ భయంగానే ఉంది. పైనే వేగం తగ్గించుకుని దిగుతాను."

వెళ్ళద్దు. బస్సులో పో. ఇంకో వారం ఆగు. అన్నీ గొంతుదాకా వచ్చాయి. ఒక్కటి బయటపడినా, ఈ పిల్ల నాకు మళ్ళీ ఎప్పుడూ ఇలా చెప్పదు.

"పైనే తగ్గించుకో," అన్నాను. "దిగాక ఫోను చెయ్యి. ఊరు చేరాక కాదు, దిగుడు దిగాక."

"సరే," అంది. బండి వెళ్ళిపోయింది.

రోడ్డుకి అవతల జార్మిలా చీపురు ఆపింది. "ఏమే, పిల్ల ఏమంటోంది? రా, కాఫీ తాగి పోదువుగాని."

తరువాత వస్తానని చెయ్యి ఊపాను. గేటు పక్క బల్ల మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. బండి చప్పుడు చెరువు దగ్గర కాసేపు వినిపించి, తరువాత లేదు. ఇప్పుడు అడవిలో ఉంటుంది. చెట్ల కింద రోడ్డు తడిగా ఉంటుందేమో.