మేనత్త హక్కు

సనాతుకు చదువు లేకుండా చేసింది ఆమె మేనత్తే. అందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆరేళ్ళప్పుడు తండ్రి ఆమెను తన అక్క చేతిలో పెట్టాడు. దగోంబా తెగవాళ్ళ ఇళ్ళలో అది మామూలే. అన్నదమ్ముల ఆడపిల్లను మేనత్త పెంచుకుంటుంది. పెళ్ళిదాకా ఆ పిల్ల విషయంలో తండ్రి నోరెత్తడు. మేనత్త ఆమెకు బడి చూపించలేదు, వెన్న తీయడానికి షియా గింజలు దంచే రోలు చూపించింది. "నువ్వు చదివితే వెన్న ఎవరు తీస్తారే, మీ అమ్మా?" అనేది. సనాతు తమ్ముడు యాకుబు మాత్రం కన్నవాళ్ళ దగ్గరే ఉండి, చదివి పంతులయ్యాడు.

ఆ పంతులే ఇప్పుడు కోలా కాయలు మూటగట్టుకుని, ఏడేళ్ళ కూతురు వుంపినిని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"మగపిల్లలు ముగ్గురి చదువుతోనే తలప్రాణం తోకకొస్తోందక్కా. ఇది నీకు చేదోడుగా ఉంటుంది."

"ఇన్నాళ్ళకి నీళ్ళు మోయడానికి ఇంకో నెత్తి దొరికింది," అని సనాతు మొగుడు మహామా నవ్వాడు.

సనాతు కోలా కాయ కొరికింది. ఆ కాయ కొరికితే పిల్లను తీసుకున్నట్టే.

సంకటి కెలుకుతూ ఆలోచించింది. నలభై ఏళ్ళు మోసిన నీళ్ళను ఎవరూ పని అనలేదు. ఆసుపత్రిలో మందు చీటీ చదివి పెట్టమంటే, "పంతులు అక్కవి, ఇదీ రాదా?" అని నర్సు నవ్వింది. ఈ పిల్లను చూసి అలా ఎవరూ నవ్వకూడదు.

సోమవారం పిల్లను బడికి తీసుకెళ్ళింది.

"తండ్రి సంతకం కావాలమ్మా," అన్నాడు పెద్ద పంతులు.

"తండ్రి నాకిచ్చేశాడు. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చెప్పండి."

దంచి దంచి అరిగిపోయిన బొటనవేలి గీతలు సరిగా పడలేదు. సిరా అద్దుకుని మళ్ళీ గట్టిగా నొక్కింది. తలెత్తుకునే బయటికి వచ్చింది.

వారం తిరక్కుండా యాకుబు వచ్చాడు.

"పనికని ఇచ్చానక్కా, బడికి కాదు."

"ఇచ్చావా, లేదా?"

"ఇచ్చాను."

"ఇచ్చాక తండ్రికి మాటుందా మనలో? మన నాన్న మాట్లాడాడా?"

"మరి నీళ్ళెవరు మోస్తారే?" అన్నాడు మహామా లోపలినుంచి.

"నీకూ రెండు చేతులున్నాయిగా!"

యాకుబు తల దించుకున్నాడు. గొంతు తగ్గించి, "చిన్నప్పుడు నిన్ను పంపించేసిన రోజు, నేను..." అన్నాడు.

సనాతు చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆ రోజు మాట నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."