నా గుండెకు ఐదు మెట్లు

"నీకెందుకే గా గడియారం? పొయ్యి కాన్నుంచి నల్లా కాడికి ఎన్నడుగులైతయో లెక్కవెట్టుకుంటవా?" అని నవ్వాడు నా భర్త ప్రేమ్‌చంద్. నేనప్పుడు అతని టిఫిన్ డబ్బాకు మూత పెడుతున్నాను. ఆ వాచీ దుబాయి నుంచి మా మరిది తన అన్న కోసం పంపింది. డాక్టరు బీపీ ఉందన్నాక రెండు వారాలు కట్టుకుని నడిచాడు. తర్వాత దురద పెడుతోందని బీరువా మీద పడేశాడు. ఆరు నెలల దుమ్ము తుడిచి, చార్జింగ్ పెట్టి, నేను కట్టుకున్నాను.

నాకు నలభై ఒకటి. బెల్లంపల్లిలో ఆడపిల్లల బడిలో ఆటల టీచర్ని. పదో తరగతిలో పదిహేను వందల మీటర్ల పరుగులో జిల్లాకు మొదట వచ్చినదాన్ని. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. ఆటల పోటీలప్పుడు విజిల్ పక్క బడి శ్రీహరి సారు నోట్లో ఉంటుంది. "హెప్సిబా మేడం, మీరు జర గ్లూకోజు నీళ్లు కలుపున్రి" అంటాడు. పద్నాలుగేళ్లుగా కలుపుతున్నాను. మొన్న జూలైలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "మేడం, మీరు ఉరుకుతరా?" అని మామూలుగానే అడిగింది. ఆ సాయంత్రం బడి వదిలాక మైదానంలో ఒక్కదాన్నే మొదలుపెట్టాను.

గుండె వేగం నూట నలభై దాటితే చాలు, వాచీ మణికట్టు మీద వణికేది, ఎర్రగా వెలిగి ఆగమనేది. ఆగేదాన్ని. ఊపిరి బాగానే ఆడేది, కాళ్లు ఇంకా కావాలనేవి, అయినా ఆగేదాన్ని. మా అత్తమ్మ రిబ్కమ్మ ముందే అంది కదా: "ఇద్దరు పిల్లలు హాస్టళ్లల్ల సదువుతుండ్రు. గీ వయసుల ఉరికి ఏం జెయ్యాలె? గుండె ఆగుతది." నిజమేనేమో అనుకున్నాను. రెండు కాన్పులైన గుండె, ఇరవై ఏళ్లు అందరికంటే ముందు లేచిన గుండె, ఇక దీని బలం ఇంతేనేమో అని మూడు వారాలు నమ్మాను.

కొత్తగా వచ్చిన లెక్కల టీచరు సృజన దూరపు పరుగులు పరుగెత్తే అమ్మాయి. ఒకరోజు నేను ఆగడం చూసి, చెయ్యి పట్టుకుని వాచీలో ఏవో నొక్కింది.

"అక్కా, ఇది నీ గుండె గాదు."

పేరు: ప్రేమ్‌చంద్. మగ. వయసు నలభై తొమ్మిది. బరువు ఎనభై నాలుగు. నూట నలభై దాటితే హెచ్చరించాలి. డాక్టరు చెప్పాడని తన కోసం అతను పెట్టుకున్న హద్దు అది.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇంటికి నడుస్తుంటే నవ్వు దానంతటదే ఆగిపోయింది. అతని బీపీకి తగ్గించిన ఉప్పే నేనూ తింటున్నాను. అతనికి చలి అని ఎండాకాలంలో కూడా ఫ్యాను రెండు మీదే తిరుగుతుంది. అతను నిద్రపోతే ఇంట్లో పొద్దుపోయినట్టు, అతను లేస్తే తెల్లారినట్టు. ఎవరూ బలవంతం చేయలేదు. అడిగిన వాళ్లూ లేరు. నేనూ అడగలేదు.

మర్నాడు సృజన చెప్పింది. "మెలకువొచ్చినంక లేవకుంట, ఐదు నిమిషాలు కదలకుంట పండుకో. అప్పుడు ఎంత కొట్టుకుంటదో ఏడు దినాలు రాయి. తర్వాత పానం బెట్టి ఉరికితే ఎంతదాక పోతదో సూద్దాం. గీ రెండు దొరికితే నడుమ ఐదు మెట్లు కట్టుకోవచ్చు, ఏ మెట్టు మీద ఎంత ఉరకాల్నో తెలుస్తది."

ఉరకడం కష్టమనుకున్నాను. పండుకోవడమే కష్టమైంది.

మొదటి రోజు డెబ్బై నాలుగు. ఒళ్లు మంచం మీద, చెవులు వంటింట్లో. నల్లా వస్తోందా, పాల ప్యాకెట్ వేశారా, అత్తమ్మ లేచిందా. "పానం బాగలేదా?" అన్నాడు ప్రేమ్‌చంద్. "మంచిగనే ఉన్న. ఐదు నిమిషాలైనంక లేస్త" అన్నాను. మూడో రోజు అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. "మెలకువుండి పండుకునే కోడల్ని ఎక్కడ సూడలే. నేనైతే జరమొచ్చినా లేచిన."

"అందుకే అత్తమ్మా, నువ్వన్న జర పండుకోవాల్సుండె" అన్నాను. అత్తమ్మ చెంబు తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లిపోయింది.

నాలుగో రోజు ప్రేమ్‌చంద్ విసురుగా లేచి చాయ్‌కి తనే పాలు పెట్టాడు. కాసేపటికి మాడు వాసన.

"పాలన్ని పొంగిపాయె! ఎవలు సూడాలె?"

"పెట్టినోళ్లే సూడాలె."

కదలకుండా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ రోజు అరవై ఎనిమిది. ఏడో రోజుకి అరవై ఒకటి.

ఆ శనివారం సాయంత్రం పాత గని వైపు వెళ్లే ఎత్తు రోడ్డు మీద, కింద నుంచి పైదాకా మూడుసార్లు పరుగెత్తాను. పైన సృజన నిలబడి అరుస్తోంది. మూడోసారి నోట్లో ఇనుము రుచి, కళ్లముందు చుక్కలు. ఇక చాలు అని బుర్ర చెప్పిన తర్వాత కూడా కాళ్లు ఇంకా ముప్పై అడుగులు వేశాయి.

"నూట ఎనభై ఏడు అక్కా!"

రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చుని వాచీలో అన్నీ మార్చాం. హెప్సిబా. ఆడ. నలభై ఒకటి. అరవై ఒకటి. నూట ఎనభై ఏడు. ఐదు మెట్లూ కొత్తగా వచ్చాయి. నూట ముప్పై ఏడు నుంచి నూట నలభై తొమ్మిది దాకా నా రెండో మెట్టు. మాట్లాడుకుంటూ గంటసేపు తీరిగ్గా పరుగెత్తే మెట్టు. ఇన్నాళ్లు భయపడి ఆగిపోయింది దాని నడుమనే. ఏడుపొచ్చింది. చెమటతో పాటే తుడుచుకున్నాను.

ఇంటికి రాగానే, "అయిపాయెనా నీ పరీక్ష?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"అయిపోయింది."

"మంచిదాయె. రేపు ఆదివారం. చర్చి నుంచి అమ్మ దోస్తులు తిననీకొస్తరు. జల్ది లేవాలె."

ఆదివారం తెల్లారింది. వాచీ ముందు గదిలో చార్జింగ్‌లో ఉంది. మెలకువ వచ్చింది, లేవలేదు. కిటికీ బయట పిచ్చుకలు అరుస్తున్నాయి. ఇన్నేళ్లుగా ఈ గదిలో వాటిని ఎప్పుడైనా విన్నానా అని ఆలోచిస్తున్నాను. ప్రేమ్‌చంద్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. నా ఖాళీ మణికట్టు వైపు చూశాడు.

"వారమైపాయె గద. గడియారం సుత చేతికి లేదు. ఇంకెందుకు పండుకున్నవ్?"

కారణం వెతుక్కోవాలని కూడా అనిపించలేదు.

"ఊకెనే," అన్నాను.