దొరసాని లేవాలంటే

అమ్మ తలగడ వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. అది లేకపోతే స్టీరింగు మీదుగా ఆమెకు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. నాన్న బానెట్ కింద తల దూర్చి "ఊఁ" అన్నాడు. అమ్మ తాళం తిప్పింది. వెనకెక్కడో పెట్రోలు పంపు టిక్కు టిక్కుమంది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, చోకు పిడి కొలిచినట్టు కాస్త లాగి, స్టార్టరు మీట నొక్కింది. ఇంజను గొంతు సవరించుకుని లేచింది. రోజూ జరిగే పనే. ఆ రోజు మాత్రం వేలం వేసే ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు.

ఒకప్పుడు గొప్పవాళ్లు వెనక కూర్చుని తిరిగిన ఇంగ్లీషు కారది. మూతబడ్డ బంగళాలో ఎలుకలు కాపురం పెట్టిన దాన్ని మెకానిక్కైన నాన్న ఇంటికి తెచ్చాడు. పాత రంగు ముట్టుకోకుండా బ్రేకులు, పైపులు, వైర్లు మార్చి మళ్లీ రోడ్డెక్కేలా చేశాడు. దొరసాని అని పేరు పెట్టింది అమ్మే. సవతికి పేరైనా తను పెట్టుకోవద్దా అంది. అమ్మ బట్టలు కుట్టే షెడ్డును దొరసాని ఆక్రమించడంతో కుట్టుమిషను పొయ్యి పక్కకి చేరింది. బట్టలకు ఉల్లిపాయల వాసన పడుతోందని కుట్టించుకునేవాళ్లు గొణుగుతున్నారు. అందుకే ఈ వేలం.

చేయి తిరిగిన మనిషిలా ఉన్నారమ్మా అని వేలమాయన అమ్మను మెచ్చుకున్నాడు.

"తాళం తిప్పడం కూడా ఒక పనేనా అండీ? చిన్నపిల్లలైనా తిప్పుతారు" అన్నాడు నాన్న.

అమ్మ దిగి, తలగడ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు వేలానికి నాన్న రమ్మననూ లేదు, అమ్మ వెళ్లనూ లేదు.

మధ్యాహ్నం నాన్న ఫోను చేశాడు. కొనేవాళ్లంతా చుట్టూ నిలబడ్డారట, దొరసాని లేవట్లేదట. అందరి ముందూ స్టార్టు కాకపోతే పాట మొదలుపెట్టరట. తిరిగి లారీ ఎక్కించి ఇంటికే పంపేస్తారట. చోకు ఎంత లాగాలో మీ అమ్మనడుగు అన్నాడు గుసగుసగా.

అడిగాను. అమ్మ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

"తాళం తిప్పడమేగా. అక్కడ చిన్నపిల్లలెవరూ దొరకలేదా?"

ఆ మాట నేను చెప్పనక్కర్లేకుండానే నాన్నకు వినపడింది. దొరసాని ప్రతి బోల్టూ ఎరిగిన మనిషే, కానీ తల ఎప్పుడూ బానెట్ కిందే ఉండేది. సీట్లో కూర్చుని దాన్ని ఒక్కసారైనా లేపినవాడు కాడు.

మీ అమ్మను రమ్మను అన్నాడు చివరికి.

"మూలకెళ్లి అడుగుతున్నారా, అందరి ముందూ అడుగుతున్నారా? కనుక్కో" అంది అమ్మ.

ఫోనులో అడుగుల చప్పుడు. తర్వాత నాన్న గొంతు, పెద్దగా.

"మా ఆవిడ వస్తేగానీ ఇది లేవదండీ."

అవతల ఎవరో నవ్వారు. అమ్మ పొయ్యి ఆపింది. పక్కనున్న మిషను వంక ఓసారి చూసి, చెప్పులు వేసుకుని, తలగడ చంకలో పెట్టుకుని గడప దాటింది.