నల్లబల్ల మీద రెండు గ్రహాలు

ఓంప్రకాష్ సుద్దముక్క అరిగిన వైపు బల్లకి ఆనించి, నక్షత్రం చుట్టూ రెండో వృత్తాన్ని పూర్తిచేశాడు. ఫిల్మ్ నగర్ స్టూడియో ఫ్లోర్‌లో లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ప్లైవుడ్ గోడలు, అద్దెకి తెచ్చిన బెంచీలు, కిటికీ అవతల ప్లాస్టిక్ ఆకుల చెట్టు. ఇవాళ క్లాస్‌రూమ్ సీను.

సన్నటి మనిషి. అరవై రెండేళ్లు. మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది. ఎంత కడిగినా గోళ్ల చుట్టూ రంగు పోదు. ముప్పై అయిదేళ్లుగా సినిమాలకి పెయింటర్. పోలీస్ స్టేషన్ల పేర్లు, రైల్వే స్టేషన్ల పేర్లు, దుకాణాల బోర్డులు, సమాధుల మీద పేర్లు, అన్నీ రాశాడు. నల్లబల్ల పని ఉన్న రోజు మాత్రం మధురానగర్ నుంచి బస్సులో గంట ముందే వచ్చి, ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకి తగిలించి, లుంగీ కట్టుకుని పనిలో దిగుతాడు.

"ఏదో ఒకటి నింపెయ్యండి అంకుల్. ఎలాగూ వెనకాల మసగ్గా కనబడుతుంది," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ సుహాస్.

ఓంప్రకాష్ తలూపాడు. ఏదో ఒకటి నింపడం అతనికి చేతకాదు. వృత్తాల కింద, రెండు గ్రహాల మధ్య ఆకర్షణ బలం లెక్క మెట్టుమెట్టుగా రాశాడు.

డిగ్రీ రెండో ఏట ఫిజిక్స్ చెప్పిన జగదాంబ మేడం బల్ల మీద ముత్యాల్లా రాసేది. నేతచీర అంచుకి ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉండేది. "నీ అక్షరం బాగుంది, లెక్క కూడా అంతే బాగుండాలి," అంటూ అతన్నే బల్ల దగ్గరికి పిలిచేది. ఎర్రగడ్డలో బోర్డులు రాసే నాన్నకి ఆ ఏడే కళ్లు పోయాయి. కుంచె కొడుకు చేతికొచ్చింది. పరీక్షలు రాయలేదు. మేడంకి చెప్పి రావడానికి కూడా మొహం చెల్లలేదు. పాత సినిమాలేవైనా టీవీలో వస్తే, హీరో భుజం వెనక తన లెక్క కనబడే ఆ రెండు క్షణాల కోసం ఇప్పటికీ కదలకుండా కూర్చుంటాడు.

"అంకుల్, గా నాలుగు ఎట్లొచ్చింది?"

వెనక బెంచీలోంచి ఓ అమ్మాయి అడిగింది. పేరు పూజిత. స్టూడెంట్ వేషానికి వచ్చిన జూనియర్ ఆర్టిస్ట్. నిజంగానే ఇంటర్ చదువుతోంది.

"నక్షత్రం నుంచి మొదటి గ్రహం దూరం ఒకటి, రెండోదాని దూరం మూడు అనుకో. రెండూ ఒకే దిక్కున్నప్పుడు వాటి మధ్యల ఎంత?"

"రెండు."

"చెరో దిక్కు పోయినయి. అప్పుడు?"

"మూడు, ఒకటి... నాలుగు. అంటే దూరం డబుల్. బలం సగమైతది."

"సగం కాదు బిడ్డా. దూరానికి వర్గం ఉంటది గదా. పావు వంతైతది."

పూజిత పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది.

రిహార్సల్ మొదలైంది. లెక్చరర్ వేషంలో ఉన్న హీరో బల్ల ముందు నిలబడి, హీరోయిన్‌నే చూస్తూ అన్నాడు: "దూరం రెట్టింపైతే ఆకర్షణ సగమైపోతుంది."

కెమెరా వెనక ఉన్న ఓంప్రకాష్ ఆ మాట విన్నాడు. ఇన్నేళ్లలో ఏ డైరెక్టరుతోనూ తనంతట తాను మాట్లాడింది లేదు. చేతులు లుంగీకి తుడుచుకుని ముందుకి నడిచాడు.

"సార్, సగం కాదు. పావు."

సుహాస్ పరుగున వచ్చాడు. "అంకుల్, మీరిటు రండి."

డైరెక్టర్ చెయ్యెత్తి సుహాస్‌ని ఆపాడు. "సగం అంటేనే వినడానికి బాగుంటుందండీ."

"బాగుంటది సార్. గానీ చూసిన పిల్లలు పరీక్షల గట్లనే రాస్తరు."

డైరెక్టర్ బల్ల వైపు చూశాడు. పైనుంచి కింది దాకా, ఒక్కో మెట్టూ చదివాడు. తర్వాత డైలాగు కాగితం తీసుకుని తనే దిద్దాడు.

మూడో టేక్‌లో షాట్ ఓకే అయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓంప్రకాష్ ఆఖరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పూజిత పక్కన చేరింది. అడక్కుండానే జగదాంబ మేడం గురించి చెప్పాడు. ఆ మాటలు అతను ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

"మళ్ల ఎప్పుడన్న కలిసినవా మేడంని?"

"లేదు. ఏమని పోవాలె?" అని గోటి చుట్టూ ఉన్న రంగు గీకాడు. "ఇయ్యాల మాత్రం పోదునేమో."

పూజితని షాట్‌కి పిలిచారు. "పో బిడ్డా. నేను జర కన్ను మూస్త," అన్నాడు.

నాలుగింటికి బల్ల తుడవమని సుహాస్ కేకేశాడు. ఓంప్రకాష్ పలకలేదు. సుహాస్ దగ్గరికొచ్చి భుజం తట్టాడు. తట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఓంప్రకాష్ కూర్చున్నచోటే, తల కొంచెం పక్కకి వాల్చి, పాఠం వింటున్నట్టే ఉన్నాడు.

షూటింగ్ ఆపేశారు. అంబులెన్స్ దాకా అందరూ నడిచారు. పూజిత గేటు దగ్గర ఆగిపోయి, చెమటకి లెక్క అలుక్కుపోయిన అరచేతిని గట్టిగా మూసుకుంది.

లోపల ఫ్యాన్లు కట్టేశారు. సెట్టు వెనక, రంగు పడని ప్లైవుడ్ వైపు, మేకుకి ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా ఒకటి వేలాడుతోంది, జేబులోంచి బస్ పాసు అంచు కనబడుతూ.