అందరూ చూస్తేనే లెక్క

మా ఆవిడ చెప్పులు నేను కడగలేదు. ఆస్పత్రివాళ్ళు ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చినప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే పిండిమర గదిలో అరమీద ఉన్నాయి. మడమల దగ్గర నల్లటి బురద, ఆ బురదలో నత్తగుల్లల ముక్కలు. ఎండి రాయిలా అయింది. పైన పిండి పేరుకుంటుంది. పిండి దులుపుతాను. బురద ముట్టుకోను.

ఆ బురద ఎక్కడిదో తెలుసుకోవడానికే నేను బావమరిది కారెక్కాను. పక్షుల మీద నాకేం ప్రేమ లేదు. పిండిమర నడిపేవాడికి పక్షులంటే ఆరబోసిన గింజలు తినిపోయేవి, అంతే.

ఏటా చలికాలంలో ఒక ఆదివారం నలుగురు రిజర్వాయరుకి పక్షుల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. బావమరిది, వాడి పెళ్ళాం, వాళ్ళ పక్కింట్లో ఉండే రిటైరైన లెక్చరరు, మా ఆవిడ. నన్ను పిలిచేవాళ్ళు కాదు. పిలిచినా వెళ్ళేవాణ్ణి కాదు. పోయిన చలికాలం అలా వెళ్ళిన రోజునే ఆవిడకి గుండెపోటు వచ్చింది. ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయింది.

"కట్ట మొదట్లో టీకొట్టు ఉంది కదా, అక్కడ నొప్పి అంది బావా. అక్కడికక్కడే బండి తిప్పేశాం" అన్నాడు బావమరిది, ఆస్పత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని. ఏడుస్తూ మరీ చెప్పాడు. ఏడ్చేవాణ్ణి ఎదురు ప్రశ్న వెయ్యకూడదని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక సంచి విప్పి చెప్పులు చూశాను.

టీకొట్టు దగ్గరే తిప్పేస్తే కాళ్ళకి ఇంత బురద ఎలా అంటింది? ఏడాదిగా నాకు వేరే ఆలోచన లేదు.

మొన్న వాడే వచ్చాడు. "ఈసారి నువ్వు రా బావా. అక్క సీటు ఖాళీగా ఉంటే మాకు బాగోదు" అన్నాడు. వాళ్ళకి బాగోదట. వస్తానన్నాను. వాడి మొహం చూడాలి. మర్యాదకి పిలిచినవాడికి విస్తరి వెయ్యాల్సి వచ్చినట్టయింది.

తెల్లవారుజామున మంచులో బయల్దేరాం. వాడు నడుపుతున్నాడు, పక్కన పెళ్ళాం. వెనక లెక్చరరు, నేను. మా ఆవిడ కూర్చునే కిటికీ పక్క చోటు నాకిచ్చారు. సీట్ల మీద కొత్త కవర్లు వేయించారు. ఆవిడ దుర్భిణి నా మెడలో వేశారు. దండ వేసినట్టు.

లెక్చరరు చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని మొదలుపెట్టాడు. ఆయన పాఠం చెప్పడం మానలేదు, జీతం ఇవ్వడమే మానేశారు.

"మన బండికో నియమం ఉందండీ మిల్లుగారూ. పక్షి లెక్కలోకి రావాలంటే బండిలో అందరూ చూడాలి. ఒక్కరు చూడకపోయినా చూడనట్టే."

"తెలుసు" అన్నాను.

తెలియకేం. ఆ షరతు పెట్టిందే మా ఆవిడ. మొదట్లో తమ్ముడు "అదిగో గద్ద, అయ్యో పోయిందే, మీరు చూళ్ళేదా" అని గంటకో పక్షిని ఒక్కడే చూసేవాడట. "నువ్వొక్కడివే చూసింది నీ జేబులో పెట్టుకోరా. అందరం చూస్తేనే లెక్క" అందట. నాకు అన్నం పెడుతూ నవ్వుతూ చెప్పింది. పనీపాటా లేని సంత అన్నాను. ఊఁ అంది. ఇక ఆపు అనాలంటే ఆవిడ ఊఁ అనేది. కాపరం చేసినన్నాళ్ళూ విన్నాను.

కట్ట మొదట్లో టీకొట్టు దగ్గర ఆపారు. దిగి నేలని చెప్పుతో గీశాను. కంకర. ఎక్కడా తడి లేదు. నేను చూస్తుండగానే ఇటుకల లారీ ఒకటి ఆ జాగాలో ఒక్క విసురున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

బావమరిది పెళ్ళాం టీ గ్లాసు తెచ్చింది. "చక్కెర తక్కువే వెయ్యమన్నాను అన్నయ్యగారూ."

"ఇక్కడేనా అమ్మా?"

ఆ పిల్ల మొగుడి వైపు చూసింది.

"ఇక్కడే బావా" అన్నాడు వాడు టీలోకి చూస్తూ. "నొప్పి అంది. తిప్పేశాం."

"లారీయే తిరిగింది. కారుకేం?"

"అదే కదా. వెంటనే తిప్పేశాం."

గుమ్మడికాయల దొంగ అని ఇంకా ఎవరూ అననే లేదు. వాడు కారు దగ్గరికి పోయి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

కట్ట మీద చాలా దూరం పోయాం. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. చివర తూము దగ్గర కారు ఆగింది. అక్కడ ఒడ్డంతా రెల్లు, మనిషి ఎత్తున. కారులో కూర్చుంటే నీళ్ళు కనబడవు. దిగి, రెల్లు మధ్య బాటన కిందికి పోవాలి. దిగాను. కాలు దిగబడింది.

నల్లటి బురద. పాదం పైకెత్తి చూసుకున్నాను. నత్తగుల్లల ముక్కలు.

ఏడాది ప్రశ్నకి జవాబు కాలికే అంటింది. అయినా నోటితో చెప్పించాలి అనుకున్నాను.

కష్టపడనక్కర్లేకపోయింది. మా వెనకే ఇంకో కారులో ఓ జంట దిగింది, పెద్ద కెమెరాతో. "ఇక్కడేమైనా కనబడతాయా సార్?" అని అడిగాడు అతను. లెక్చరరు ఛాతీ పొంగింది.

"ఎందుకు కనబడవు? పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లో నల్ల కొంగని చూశాం. అదిగో, ఆ మోడు పక్కన. అలాంటిలాంటి పక్షి కాదు. బండిలో అందరం చూశాం."

బావమరిది దగ్గాడు. గట్టిగానే దగ్గాడు, పాపం.

"అందరూ అంటే ఎవరెవరు లెక్చరర్‌గారూ?" అన్నాను.

ఆయన టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"బావా, అదేంటంటే…"

"నిన్ను కాదురా."

బావమరిది పెళ్ళామే మాట్లాడింది. "వదినే పోదామంది అన్నయ్యగారూ. గ్యాసు నొప్పే అయ్యుంటుంది, ఇంత దూరం వచ్చాక నా ఒక్కదాని కోసం అందరూ వెనక్కెందుకు అంది."

అనే ఉంటుంది. అలా అనే మనిషే. అలా అనే మనిషి మాట వినకూడదని తోడబుట్టినవాడికి తెలియాలి.

"కారులోంచి కనబడదుగా. దింపారా?"

"నా భుజం పట్టుకుని దిగింది. మెల్లగానే తీసుకొచ్చాను."

"దుర్భిణి?"

"నేనే పట్టుకున్నాను కళ్ళ దగ్గర. తన చేతులు వణుకుతున్నాయి."

"చూసిందా?"

"చూసిందండీ" అన్నాడు లెక్చరరు. పాపం, మేలు చేస్తున్నాననుకున్నాడు. "చూశావా అమ్మా అని నేనే అడిగాను. ఊఁ అంది."

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. వీళ్ళు బతికుండగానే చారెడు చేసి చూపించారు.

బావమరిది తల దించుకున్నాడు. తిట్టు కోసం తలొంచుకుని నిలబడినవాణ్ణి తిట్టకూడదు. తిడితే తేలికపడతాడు.

అప్పుడు ఆ కెమెరా అతను "ష్" అన్నాడు.

మంచులోంచి వచ్చి మోడు పక్కన వాలింది. మెడ చాచి, కాళ్ళు వేలాడేసుకుని. లెక్చరరు వేలు చూపించాడు. "అదే. అదే వచ్చింది." బావమరిది పెళ్ళాం దండం పెట్టేసింది. "వదినే పంపింది" అంది. వాడు పరుగున వచ్చి నా మెడలో దుర్భిణి సర్ది, నా భుజం పట్టుకుని అటు తిప్పాడు.

కళ్ళకి పెట్టుకున్నాను. మంచి దుర్భిణే. కాళ్ళు ఎరుపు, ముక్కు ఎరుపు. నల్లటి రెక్కల మీద నూనె పూసినట్టు పచ్చటి మెరుపు. పొట్ట తెలుపు. ముక్కుతో నీళ్ళు కదిపి, చేప పట్టి, తల ఎత్తింది. చేప గొంతులో కిందికి జారడం కూడా తెలిసింది.

"చూశావా బావా?"

"లేదు."

"మోడుకి ఎడమ పక్క."

"మోడు కనబడుతోంది."

"దాని పక్కనే, ఎర్ర కాళ్ళు."

"లేదు."

"దూడంత ఉందండీ పక్షి" అన్నాడు లెక్చరరు, ఏడుపు గొంతుతో.

"మీకు దూడ కనబడుతోందేమో. నాకు నీళ్ళే కనబడుతున్నాయి."

బావమరిది నా చెవి దగ్గరికి వచ్చాడు. నా పెళ్ళికి నిక్కరేసుకుని, నా చెప్పులు దాచి, ఇవ్వనని ఏడిపించినవాడు. తలంతా నెరిసింది.

"చూస్తున్నావు బావా. నాకు తెలుస్తోంది. చూశానని ఒక్క మాట అను. అక్క కోసం."

"అక్క కోసమేరా" అన్నాను. "నాకు కనబడలేదు."

కొంగ ఎంతో సేపు ఉంది. అంతసేపూ దుర్భిణి దించలేదు. చివరికి రెక్కలు విప్పి, బరువుగా లేచి, తూము మీదుగా పోయింది. కెమెరా జంట సంబరపడుతూ ఫొటోలు చూసుకుంటున్నారు. మా బండిలో ఎవరూ ఏమీ చూడలేదు.

తిరుగు దారిలో నీటికాకులు కనబడ్డాయి, బాతులు కనబడ్డాయి. ఎవరూ వేలు చూపించలేదు. టీకొట్టు దగ్గర ఆపలేదు.

మర దగ్గర దింపాడు. దిగి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. వాడు ఇంజను ఆపకుండానే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇక నువ్వు రావులే బావా."

"ఎందుకు రాను? ఏటా వస్తాను. నా సీటు ఖాళీగా ఉంటే మీకు బాగోదు కదా."

లోపలికి వెళ్ళి, అరమీద ఆవిడ చెప్పుల పక్కన నావి పెట్టాను.