వదిన డిగ్రీకి ఐదు వారాలు తక్కువ

విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగానికి కింది అంతస్తులో సెక్షన్ల గది ఉంది. రాయిని రంపంతో పలుచగా కోసి, గాజుపలకకు అంటించి, వెలుతురు ఇవతలి నుంచి అవతలికి పోయేదాకా అరగదీస్తే దాన్ని సెక్షన్ అంటారు. పద్నాలుగేళ్ళుగా ఆ గదిలో రాళ్ళు అరగదీస్తున్నది ఒకావిడే. విద్యార్థులంతా ఆవిడను సెక్షనక్క అంటారు. ఇంట్లో మాత్రం ఆవిడ వదిన. కాపురానికి వచ్చేసరికి అత్తమామలు లేరు గానీ, తొమ్మిదేళ్ళ ఆడపడుచు ఉంది. ఆ పిల్లకు జడలు వేసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది వదినే. ఆ పిల్ల ఇప్పుడు అదే విభాగంలో ఎమ్మెస్సీ చదువుతోంది.

వదిన కూడా చదువుతోంది, కాకపోతే బీఎస్సీ. ఉద్యోగులు టర్ముకు ఒక సబ్జెక్టు చొప్పున చదువుకోవచ్చని ఒక నియమం ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఖనిజశాస్త్రంతో మొదలుపెట్టింది. తర్వాత శిలలు, శిలాజాలు, రెండు కెమిస్ట్రీలు, ఒక ఫిజిక్సు. లెక్కలు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. ఆ మూడోసారి ఇంటిల్లిపాదీ ఆవిడతో పాటు కాల్క్యులస్ చదివారు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆవిడ భర్త, ఎవరైనా సున్నా దగ్గర లిమిట్ ఎంత అంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

ఇక మిగిలింది ఒక్కటే, ఫీల్డ్ క్యాంపు. ఐదు వారాలు కొండల్లో మకాం వేసి, తనకు కేటాయించిన మేర అంతా తిరిగి, ఏ రాయి ఎక్కడుందో చూసి సొంతంగా మ్యాప్ గీయాలి. అది లేనిదే డిగ్రీ రాదు. వదిన దాన్ని ఏటా వాయిదా వేస్తూ వచ్చింది. ఒక ఏడు మోకాళ్ళ నొప్పులన్నది, ఒక ఏడు రంపం రిపేరన్నది. అసలు సంగతి భయం. ఆవిడ దగ్గరికి రాళ్ళన్నీ నంబర్లు వేసిన సంచుల్లో వచ్చేవి. కొండ మీద అవి ఎలా ఉంటాయో ఆవిడ చూసింది చాలా తక్కువ.

ఒకరోజు ఆఫీసు గుమాస్తా పిలిచి, పాసై పదేళ్ళు దాటిన సబ్జెక్టుల క్రెడిట్లు చెల్లవని చల్లగా చెప్పాడు. వచ్చే వేసవికి ఆవిడ ఖనిజశాస్త్రానికి పదేళ్ళు నిండుతాయి, అంటే ఈ ఏడే క్యాంపుకు పోవాలి. వదిన గుండెల్లో రాయి పడింది. ఇంటికొచ్చి చెబితే ఆడపడుచు పడీపడీ నవ్వింది. ఎమ్మెస్సీ కావాలంటే ముప్పై క్రెడిట్లు, థీసిస్, వైవాతో పాటు ఒక టర్ము పాఠం చెప్పిన అనుభవం కూడా ఉండాలి. దానికోసం ఈ ఏడు క్యాంపుకు అసిస్టెంటుగా పోతున్నది తనేనట. మ్యాపులకు మార్కులు వేసేదీ తనేనట. పైగా తన థీసిస్ కూడా ఆ కొండల మీదే. రాయడం అయిపోయింది, క్యాంపు తర్వాతి నెలలో వైవా.

క్యాంపులో పక్షపాతం అన్న మాట రాకుండా ఆడపడుచు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంది. నలుగురిలో వదినను "మీరు" అనేది. వదిన అంతకు రెండాకులు ఎక్కువే చదివింది కనక, "మేడమ్ గారూ, కాసిని మంచినీళ్ళు" అని అడిగేది. కుర్రకారు మధ్యాహ్నానికల్లా కొండెక్కి దిగేసేవారు. వదిన ఒక రాయి, ఒక ఆయాసం, ఇంకో రాయి అన్నట్టు సాయంత్రానికి చేరేది. కానీ దారిలో దేన్నీ వదిలిపెట్టేది కాదు. సుత్తితో కొట్టడం, జేబులోని చిన్న సానరాయి మీద రుద్దడం, పుస్తకంలో రాసుకోవడం. మూడో వారానికి మోకాళ్ళ ఊసే ఎత్తలేదు. కొండ బాగుందని భర్తకు ఫోనులో చెప్పింది. ఎంత బాగుందో చెప్పడానికి మాత్రం మాటలు చాల్లేదు.

ఐదో వారం చివర విద్యార్థులు తాము గీసిన మ్యాపులు అప్పగించారు. గుడారంలో బల్ల మీద వదిన మ్యాప్ పరిచి ఆడపడుచు ముఖం చిట్లించింది.

"వదినా, వాగు దగ్గర ఈ నల్లరాతి పట్టీ ఎందుకు తెగింది?"

"అవతల ఉన్నది వేరే రాయి."

"రెండూ నల్లగానే ఉన్నాయిగా. ఒకే పట్టీ వాగు కింద నుంచి అవతలికి పోయింది. నా థీసిస్‌లో రెండో అధ్యాయమంతా దాని మీదే."

"నలుపు ఒకటే, నిజమే. కానీ వాగుకు తూర్పుది ఒక పట్టాన అరగదు. నీ సెక్షన్లు చేసింది నేనేగా, ఒక్కోటీ మూడు గంటలు తినేసింది. పడమటిది రుద్దితే పిండిలా రాలిపోతోంది."

"రుద్దితే రాలిందని రాస్తే మార్కులు వేస్తారా?"

"వేసేది నువ్వేగా. నీ ఇష్టం."

ఆడపడుచు ఆ చోట ఎర్రసిరాతో సున్నా చుట్టి, మళ్ళీ చూడమని రాసి, మార్కుల గడి ఖాళీగా ఉంచింది.

ఇంటికి వచ్చాక రెండు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఉప్పు కావాలన్నా, తువ్వాలు కావాలన్నా అన్నగారి ద్వారానే. ఆయన ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి అదే మాట చెప్పి చెప్పి, చివరికి అన్నం కంచం పట్టుకుని వరండాలోకి పోయాడు.

మూడో రోజు వదిన పడమటి రాయి ముక్కను కోసింది. రాలిపోకుండా జిగురు పట్టిస్తూ అరగదీసేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. దాన్నీ, ఆడపడుచు పెట్టెలోంచి తూర్పు సెక్షన్ ఒకదాన్నీ మైక్రోస్కోపు పక్కన పెట్టి, ఆమెను పిలిచి తను పక్కకు జరిగింది.

ఆడపడుచు చూసింది. తూర్పు దాంట్లో ఆలివిన్ అనే ఖనిజపు గింజలు రంగు గాజుముక్కల్లా మెరుస్తున్నాయి. పడమటి దాంట్లో ఒక్కటీ లేదు. ఉన్నది క్వార్ట్జ్, అంటే పలుగు. ఆ రెండూ ఒకే రాయిలో ఇమడవని బీఎస్సీ రెండో ఏట్లోనే చెబుతారు. ఆమె పలకలు మార్చి చూసింది, నంబర్లు చూసింది, మళ్ళీ మార్చింది.

"నేను వాగు దాటలేదు వదినా," అంది చివరికి. "ఆ రోజు వాన. గట్టు మీంచి చూస్తే నల్లగానే కనిపించింది. అదే అయ్యుంటుందిలే అనుకున్నా."

"ఎవరికైనా అలాగే అనిపిస్తుంది."

"నీకు అనిపించలేదుగా."

"నాకు చూడగానే ఏమీ తెలియదమ్మా. చేత్తో పట్టుకుంటే తప్ప."

వైవాకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. నోరు మెదపకపోతే అడిగేవాళ్ళెవరూ లేరు. ఆడపడుచు కళ్ళు తుడుచుకుని, రెండు పలకలూ పట్టుకుని, తిన్నగా మేడ మీద తన థీసిస్ గైడు ప్రొఫెసరమ్మ గదికి వెళ్ళింది. తన రెండో అధ్యాయం తప్పని చెప్పింది. వైవా వాయిదా వేయమంది. వదిన మ్యాప్‌కు మార్కులు తను వేయడం న్యాయం కాదనీ, ప్రొఫెసరమ్మే వేయాలనీ అడిగింది. ప్రొఫెసరమ్మ రెండు పలకలూ చూసి, తను కూడా ఆ వాగు ఎప్పుడూ దాటలేదని ఒప్పుకుందట.

వదినకు ఎనభై ఆరు వచ్చాయి. ఉత్తరం ఎటో చూపించే బాణం గుర్తు వేయడం మరిచిపోయినందుకు నాలుగు కోశారు. ఆ నాలుగింటి కోసం వారం రోజులు గొణుక్కుంది. డిగ్రీ కాగితం చేతికొచ్చిన రోజు ఏడుపొస్తుందనుకుంది గానీ విపరీతంగా ఆకలేసింది. ముగ్గురూ బయటికి పోయి కడుపునిండా తిన్నారు.

ఆడపడుచు మళ్ళీ కొండకు పోయింది, ఈసారి వాగు దాటి. పదహారు రాళ్ళు తెచ్చింది. సెక్షన్ల గది రిజిస్టరులో ఆమెకన్నా ముందు ఐదుగురున్నారు. ఇంట్లో మాట ఇంట్లోనే, ఇక్కడ వరస వరసేనంది వదిన. చేసేదిలేక ఆమే అరగదీయడం నేర్చుకుంది. నాలుగు పగిలాయి, వేలి గోళ్ళు రెండు అరిగాయి, చలికాలం గడిచిపోయింది. వదిన పక్కనే నిలబడి ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు ఆపాలో చెబుతూ ఉండేది. తన చేత్తో మాత్రం ఒక్కటీ చేసి పెట్టలేదు.

వైవా గంటన్నర సాగింది. ప్రొఫెసరమ్మ అన్నీ అడిగి, చివర ఒక సెక్షన్ తెర మీద వేయించి తల పక్కకు వంచింది.

"ఇందులో క్వార్ట్జ్ పసుపుగా కనిపిస్తోందేం? మందంగా ఉన్నట్టుంది, ఇంకాస్త అరగాల్సింది. మన సెక్షనక్క చేసింది కాదా?"

"నేనే చేశాను మేడమ్."

"అదే అనుకున్నా. సరే, కూర్చో. అభినందనలు."

వెనక వరసలో కళ్ళజోళ్ళాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమైందని భార్యను గుసగుసగా అడిగాడు.

"పాసయింది," అంది వదిన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "కానీ నిజంగానే మందంగా ఉంది."